తెరమీది వరద, గుమ్మం దాటిన వరద

గోదావరి డెల్టాలోని ఏ సినిమా హాలులోనైనా వరద దృశ్యం వచ్చినప్పుడు లోపల కూర్చున్నవారంతా ఒకే దృశ్యాన్ని చూస్తున్నారని చెప్పలేము. ఏటిగట్టుకు ఇవతల, కాలువ నీటితో సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలూ పండించుకునే ఊరివారికి అది కథలో ఒక మలుపు. హీరో ఎవరిని కాపాడతాడా అని వారు ఎదురుచూస్తారు. గట్టుకు అవతల, నదీపాయల నడుమ లంకల్లో కాపురముండేవారికి హీరో కంటే ముందు నీటి రంగు కనిపిస్తుంది, పశువుల పలుపులు విప్పారా లేదా అన్నది కనిపిస్తుంది, ధాన్యం బస్తాలు అటకమీదికి ఎక్కించకుండా ఆ ఇంటివారు మాటలతో పొద్దుపుచ్చడం కనిపిస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి, గట్లు తెగి, ఊళ్లు మునిగినప్పుడు పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు నడివయసు దాటారు. 2022 జూలై వరదలో పడవలమీద బయటపడిన లంకవాసుల పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోనులో సినిమాలు చూసే ఈడుకు వచ్చారు. వీరి చూపూ, వరదను వార్తల్లో మాత్రమే ఎరిగినవారి చూపూ ఒకటి కావు.

ఈ తేడాకు మనం మామూలుగా చెప్పుకునే కారణం ‘అనుభవించినవాడికే తెలుస్తుంది’ అన్నది. ఆ మాట అబద్ధం కాదు కాని, సగమే నిజం. ఎందుకంటే అదే వరద అనుభవం ఒకరిని ఊపిరి బిగబట్టి కూర్చోబెడుతుంది, మరొకరిని మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయేలా చేస్తుంది, ఇంకొకరి చేత ‘ఈ నీళ్లు ఏ చెరువులోవో’ అనిపించి నవ్విస్తుంది. ఒకే మూలం నుంచి ఇంత వేరైన స్పందనలు ఎలా పుడుతున్నాయన్నదే ఇక్కడ విప్పి చూడవలసిన చిక్కు.

మొదట చూడడం గురించే మాట్లాడుకోవాలి. బొమ్మ అందరి కళ్లలోనూ ఒకే విధంగా పడుతుందని, ఆ తరువాతనే ఎవరి అభిప్రాయం వారు ఏర్పరచుకుంటారని మనం నమ్ముతాము. 1954లో ఆల్బర్ట్ హేస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాసంస్థల జట్లు 1951 నవంబరులో ఆడిన ఫుట్‌బాల్ ఆట బాగా మొరటుగా సాగింది. ఆ ఆట ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపించి, కనిపించిన తప్పులను గుర్తించమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ఆ జట్టు విద్యార్థులకు ఎన్ని కనిపించాయో, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు అంతకు రెట్టింపు కంటే ఎక్కువ కనిపించాయి. ఫిల్ము మాత్రం ఒకటే. సంక్రాంతి రోజుల్లో భీమవరం పరిసరాల్లో కోడిపందేల బరి దగ్గర నిలబడి రెండు పక్షాల వాదనా విన్నవారికి ఈ ఫలితం పెద్దగా ఆశ్చర్యం కలిగించకపోవచ్చు. గమనించవలసినదేమంటే, ఆ విద్యార్థులు తాము చూసినదానిని తెలిసి వక్రీకరించలేదు. వారికి కనిపించడమే అలా కనిపించింది.

జ్ఞాపకం విషయంలో ఇదే సంగతిని అంతకు చాలా ముందే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ చూపించారు. ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకదానిని ఆయన ఇంగ్లండు పాఠకుల చేత చదివించి, కొంత వ్యవధి తరువాత తిరిగి చెప్పమన్నారు. వారు చెప్పిన కథల్లో దొప్పపడవలు మామూలు పడవలయ్యాయి, సీల్ జంతువుల వేట చేపల వేట అయింది, తమకు అర్థంకాని దయ్యాల ప్రస్తావన మెల్లగా జారిపోయింది. 1932లో వచ్చిన ఆయన గ్రంథం చెప్పేదేమంటే, మనిషి కథను విన్నది విన్నట్టు దాచుకోడు; తనకు ముందే ఉన్న ఎరుక చట్రంలో దానిని తిరిగి కట్టుకుంటాడు. ఖాళీలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడ తన జీవితంలోని వస్తువులను తెచ్చి నింపుకుంటాడు.

టెలివిజన్ విషయంలో దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. అమెరికన్ సీరియల్ ‘డల్లాస్’ను ఇజ్రాయెల్‌లోని వేరు వేరు సమాజాలవారు ఎలా అర్థం చేసుకున్నారో తమార్ లీబెస్, ఎలిహూ కాట్జ్ 1980లలో పరిశీలించి, 1990లో గ్రంథంగా వెలువరించారు. ఒక భాగంలో భర్తతో పడలేని భార్య బిడ్డను ఎత్తుకుని తన పూర్వ ప్రియుడూ అతని తండ్రీ ఉండే ఇంటికి వెళ్లిపోతుంది. ఒక అరబ్ ప్రేక్షక బృందం మాత్రం ఆమె తన తండ్రి ఇంటికి వెళ్లిందని అర్థం చేసుకుంది; బృందంలోని వారు ఒకరి మాటను ఒకరు బలపరచుకున్నారు కూడా. డెల్టాలోని ఏ వీధిలోనైనా ఆ భాగాన్ని మాటలు లేకుండా చూపిస్తే వచ్చే జవాబు ఇదేనని నా నమ్మకం. మొగుడితో తగువు పడి, చంటిబిడ్డను చంకనేసుకుని బయలుదేరిన ఆడమనిషి పుట్టింటికి కాక మరెక్కడికి పోతుంది? ఇక్కడ జీవితానుభవం భావోద్వేగాన్ని రంగరించడంతో ఆగలేదు. కథలో ఏం జరిగిందన్న వాస్తవాన్నే మార్చివేసింది.

అలాగని ఎవరి సినిమా వారిదేనని, తెరకు తనదంటూ ఏ శక్తీ లేదని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. మనం ఒకే చోట నవ్వుతాము, ఒకే చోట ఉలిక్కిపడతాము. ఉరీ హాసన్ అనే నాడీశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2004లోనూ ఆ తరువాతా చేసిన పరిశోధనల్లో, సినిమా చూస్తున్న వేరు వేరు మనుషుల మెదళ్లలోని చాలా ప్రాంతాలు ఒకే కాలక్రమంలో ఒకే తీరుగా స్పందించినట్టు వెల్లడైంది. బిగువుగా కూర్చిన ఉత్కంఠభరిత కథకు ఈ సామ్యం చాలా ఎక్కువగా ఉంది. పార్కులో జనం తిరుగుతుండగా కెమెరాను ఒకచోట నిలిపి తీసిన దృశ్యానికి దాదాపు లేదు. దీనినిబట్టి నాకు తోచేదేమంటే, ఎక్కడ చూడాలో, ఎప్పుడు భయపడాలో దర్శకుడే నిర్ణయించే సినిమాలో ప్రేక్షకుడి సొంత అనుభవానికి చోటు తక్కువ. రేవులో పంటు కోసం ఎదురుచూసే మనిషిని కెమెరా తీరికగా చూస్తూ ఉండిపోయిన సినిమాలో ఆ చోటు ఎక్కువ. కాబట్టే నెమ్మదైన సినిమాల గురించి మనుషుల మధ్య అభిప్రాయభేదాలు తీవ్రంగా ఉంటాయి. ఒకరికి అది ప్రాణం, మరొకరికి నిద్ర. 2017లో అదే పరిశోధకుల వర్గం నుంచి వచ్చిన మరో అధ్యయనంలో ఒకే కథను రెండు బృందాలకు వినిపించారు. భార్య మోసగిస్తోందని ఒక బృందానికి, భర్తది వట్టి అనుమానమని మరో బృందానికి ముందుగా చెప్పారు. శబ్దాన్ని గ్రహించే ప్రాంతాల్లో స్పందన ఒకటిగానే ఉన్నా, అర్థాన్ని కూర్చుకునే పై స్థాయి ప్రాంతాల్లో రెండు బృందాలూ విడిపోయాయి. కొద్ది మాటలు ముందుగా తెలిస్తేనే ఇంత తేడా వస్తే, నలభై ఏళ్ల కాపురం వెంటబెట్టుకుని హాలులోకి వచ్చేవారి సంగతి ఊహించవచ్చు.

అయితే అనుభవం కథలోకి ఎప్పుడు తీసుకుపోతుంది, ఎప్పుడు బయటికి తోసేస్తుంది అన్న ప్రశ్నకు ఈ ప్రయోగాలు నేరుగా జవాబు చెప్పవు. ఆ ప్రశ్నను సూటిగా పట్టుకున్నవాడు, నాకు తెలిసినంతలో, వెయ్యేళ్ల కిందటి కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు. భరతుని నాట్యశాస్త్రానికి ఆయన రాసిన ‘అభినవభారతి’లో రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, ప్రేక్షకుడిలో రతి, శోకం, భయం మొదలైన భావాల వాసనలు, అంటే పాత అనుభవాలు మనసులో మిగిల్చిన జాడలు, ముందే లేకపోతే రసం పుట్టదన్నది. తరువాతి కాలంలో విశ్వనాథుడు తన సాహిత్యదర్పణంలో ఉదాహరించిన శ్లోకం ఈ మాటనే మరీ కఠినంగా చెబుతుంది; వాసన లేని సభ్యులు రంగశాలలోని కొయ్యలతో, గోడలతో, రాళ్లతో సమానమట. రెండో మాట, రసాస్వాదానికి వచ్చే విఘ్నాలను గురించినది. అభినవగుప్తుడు చెప్పిన ఏడు విఘ్నాల్లో రెండు మన చర్చకు ముఖ్యం. తెరమీది సంఘటనను ‘ఇది నాకు జరిగినది’ అనో, ‘ఇది ఫలానా వాడికి జరిగినది’ అనో దేశకాలాలకు కట్టివేసి చూడడం ఒక విఘ్నం. తన సొంత సుఖదుఃఖాలకు వివశుడైపోవడం మరో విఘ్నం.

అంటే, దుఃఖం తెలియనివాడికి శోకదృశ్యం పట్టదు. దుఃఖంలో మునిగి ఉన్నవాడికీ పట్టదు. వాసనగా మిగిలిన అనుభవం వేరు, ఇంకా పచ్చిగా ఉన్న అనుభవం వేరు. మన నానుడిలోని ‘అనుభవించినవాడికే తెలుస్తుంది’ అన్నది ఈ తేడాను పట్టించుకోదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను, కాకినాడ తీరాన్ని తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. కొబ్బరితోటలు కూకటివేళ్లతో కూలాయి. ఆ రాత్రిని గడిపినవారితో మాట్లాడితే, వారు ముందుగా చెప్పేది గాలి హోరు గురించే. సినిమా తుపానులో ఉరుములు, మెరుపులు, నేపథ్య సంగీతం ఉంటాయి; ఆ హోరు ఉండదు. కాబట్టి కొందరు ఆ దృశ్యాలను ఏ ఇబ్బందీ లేకుండా చూడగలుగుతారు, ఎందుకంటే వారి జ్ఞాపకానికి తగిలే తీగ అక్కడ లేదు. అలాంటివారే ఏదో ఇంటి కథలో, తుపానుతో సంబంధమే లేని సన్నివేశంలో, కిటికీ రెక్క కొట్టుకుంటున్న చప్పుడుకు బిగుసుకుపోతారు. దీనిని చూసి పక్కనున్నవారు ‘ఇందులో ఏముందని’ అనుకుంటారు. స్పందన కథకు వచ్చింది కాదు, చప్పుడుకు వచ్చింది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బద్దలై రెండు నెలలకు పైగా మండినప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవారికీ, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే కోనసీమ ఊరిలో గ్యాస్ పైపులైను మంటల్లో అయినవారిని పోగొట్టుకున్నవారికీ తెరమీది అగ్నిప్రమాదం గ్రాఫిక్స్ బాగున్నాయో లేదో చూసే విషయం కాదు. పెద్ద గాయాల తరువాత ఇలాంటి చిన్న ఆనవాళ్లు పాత భయాన్ని శరీరంలోకి తిరిగి తెస్తాయని మనోవైద్యులు కూడా గుర్తించారు. ఇవి అభినవగుప్తుడు చెప్పిన మొదటి విఘ్నానికి సరిగ్గా సరిపోతాయి. ఆ మంట కథలోని మంటగా ఉండదు, ఆ రోజు మంటగా, ఆ ఊరి మంటగా మారిపోతుంది.

ఈ విఘ్నాలకు ఆయన విరుగుడు కూడా చెప్పాడన్నది ఆసక్తికరం. నాటకానికి ముందు జరిపే పూర్వరంగం, నటుల వేషం, కిరీటం, గానం, అలంకరించిన మండపం, ఇవన్నీ కలిసి ప్రేక్షకుడిని అతని రోజువారీ లోకం నుంచి కొంత దూరం తీసుకుపోతాయట. సినిమా హాలు ఈ పనిని చాలాకాలం చేసింది. చీకటి, పెద్ద తెర, టిక్కెట్టు కోసం వరుసలో నిలబడడం, న్యూస్‌రీలు, ఇంటర్వెల్, ఇవన్నీ ఆ దూరానికి సాధనాలే. ఇంట్లోకి వచ్చిన టీవీ ఆ సాధనాలను చాలావరకు తీసేసింది. ఆగస్టు నెలలో ఒక ఛానెల్‌లో సీరియల్ పాత్ర ఏట్లో కొట్టుకుపోతుంటే, పక్క ఛానెల్‌లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎన్నో నంబరు హెచ్చరిక జారీ చేశారో చెబుతుంటారు, పెరటి వైపు నుంచి నీరు పొలంలోకి ఎక్కుతుంటుంది. ఇంత దగ్గరలో కథ కథగా నిలవడం కష్టం. హాలులో ఏడ్చి తేలికపడినవారే ఇంట్లో అదే సన్నివేశాన్ని చూడలేక ఛానెల్ మార్చడం వైరుధ్యం కాదు.

నవ్వి తీసిపారేయడమన్న మూడో స్పందన మరో తోవలో వస్తుంది. ఇది దుఃఖానుభవం నుంచి కాక, పని అనుభవం నుంచి పుడుతుంది. డెల్టాలో సంక్రాంతి నాటికి సార్వా మాసూళ్లు ముగిసి, చాలాచోట్ల దాళ్వా నాట్లు పడుతుంటాయి. అదే డెల్టా ఊరిని చూపిస్తూ సంక్రాంతి పాటలో పండి వంగిన వరిచేల నడుమ హీరోయిన్‌ను పరుగెత్తిస్తే, రైతు ఆ పాటలోంచి బయటికి వచ్చేస్తాడు. గెడ వేసే చోట తెడ్డు వేస్తూ కనిపించిన పడవవాడిని చూసి కోటిపల్లి రేవువారు, సఖినేటిపల్లి రేవువారు ఏమంటారో రాయనవసరం లేదు. కథకు సంబంధించిన విషయం ముందే ఎరిగిన పాఠకులు ఆ కథలో మరింతగా లీనమవుతారని మెలనీ గ్రీన్ 2004లో ప్రకటించిన పరిశోధన చెప్పింది. అది నిజమే కాని, నా దృష్టిలో దానికి ఒక షరతు ఉంది. ఎరిగినవాడు కథకుడిని నమ్మాలి. ఒక్క చిన్న వివరం తప్పితే, తెలిసిన విషయమే అతన్ని కథకు పరాయివాడిని చేస్తుంది. భాష కూడా ఈ కోవలోనిదే. ‘ఆయ్’ అనీ, మాటమాటకూ ‘అండీ’ అనీ పలికించి, గోదావరి మాటతీరును హాస్యపాత్రకు కట్టబెట్టే అలవాటు మన సినిమాకు ఉంది. హైదరాబాదులో అది నవ్వు తెప్పిస్తుంది. ఇక్కడివారు కూడా నవ్వుతారు, కాని ఆ నవ్వులో కొంత మర్యాద, కొంత చిరాకు కలిసి ఉంటాయి.

ఎక్కడ నిలబడి బతికామన్నది కూడా అనుభవంలో భాగమే, మన సినిమా చర్చల్లో దీనిని తక్కువగా పట్టించుకుంటారు. మండువా లోగిలి, పెరట్లో కొబ్బరిచెట్లు, అరుగుమీద పెద్దాయన, కింద చేతులు కట్టుకున్న పాలేరు. ఈ బొమ్మ తెలుగు తెరమీద ‘అందమైన పల్లె’కు చిరునామాగా స్థిరపడింది. ఆ లోగిలిలో సెలవులు గడిపిన మనవడికి అది తీపి జ్ఞాపకం. అరుగు ఎక్కే అనుమతి లేని కుటుంబంలో పుట్టినవారికి, తరతరాలుగా ఆ ఇంటి పొలాన్ని కౌలుకు చేసినవారికి అదే ఇల్లు మరో కథ చెబుతుంది. ప్రేక్షకులు కార్యక్రమం ఇచ్చిన అర్థాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించవచ్చునని, కొంత ఒప్పుకుని కొంత సవరించుకోవచ్చునని, లేదా పూర్తిగా ఎదురు తిరిగి చదవవచ్చునని బ్రిటన్‌లో స్టూవర్ట్ హాల్ 1973లో సూత్రీకరించారు. ఈ సూత్రంలో నాకు నచ్చేది మధ్యది. మన ఊళ్లలో ఎక్కువమంది చేసేది అదే. పెద్దాయన పాత్రలో నటించిన నటుడిని అభిమానిస్తూనే, ఆ పాత్ర పంచే న్యాయాన్ని నమ్మకుండా ఉండడం వారికి సాధ్యమే. దూరదర్శన్ మహాభారతంలోని ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టాన్ని ఢిల్లీ మహిళలు ఎలా చూశారో పూర్ణిమా మాన్‌కేకర్ 1990లలో రాశారు. ఆ సభలో నిలబడ్డ ద్రౌపదిలో వారు పురాణ స్త్రీని మాత్రమే చూడలేదు. అత్తింట్లో, వీధిలో తమకు రక్షణ లేని స్థితిని చూసుకున్నారు. అదే ఘట్టాన్ని పద్యనాటకంలో రాత్రంతా చూసి, రాగం బాగుంటే ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసిన మగవారి తరం మన డెల్టాలో ఉంది. ఘట్టం ఒకటే, వారు వింటున్నది మాత్రం వేరు.

ఒకే మనిషి కూడా ఎప్పుడూ ఒకే ప్రేక్షకుడు కాడు. పెళ్లికాని రోజుల్లో ప్రేమజంట పక్షాన నిలిచినవాడు, కూతురు పెళ్లీడుకు వచ్చాక అదే సినిమా టీవీలో వస్తే తండ్రి పాత్ర ముఖం వైపు చూస్తాడు. గల్ఫ్ వలసల విషయంలో ఇది మరింత పదునుగా కనిపిస్తుంది. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్ వంటి దేశాలకు వెళ్లిన స్త్రీలు చాలామంది. వారి పిల్లలను అమ్మమ్మలు, నాయనమ్మలు పెంచారు. తల్లిని విడిచి పోయిన కొడుకు కథలు మన తెరమీద లెక్కలేనన్ని ఉన్నాయి. కొడుకును విడిచి పోవలసి వచ్చిన తల్లి కథలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఆ తల్లి తిరిగివచ్చి సీరియల్ చూస్తున్నప్పుడు తన అనుభవానికి సరిపోయే పాత్ర దొరకక, కొడుకు వెళ్లిపోయిన తల్లి పాత్రనే అటూ ఇటూ తిప్పుకుని తనదిగా చేసుకుంటుంది. పక్కనే కూర్చున్న కొడుకు అదే పాత్రలో తన అమ్మమ్మను చూస్తాడు. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటారు. ఇద్దరి కన్నీళ్లకూ కారణం ఒకటేనని చూసేవారు అనుకుంటారు.

ఇంతవరకు జీవితం సినిమాను మార్చే తీరును చెప్పుకున్నాము. ప్రవాహం వెనక్కి కూడా నడుస్తుంది. బార్ట్‌లెట్ చెప్పినట్టు జ్ఞాపకం ప్రతిసారీ తిరిగి కట్టుకునేదే అయితే, ఆ కట్టడానికి తెరమీది బొమ్మలు కూడా సామాను అవుతాయి. 1996 తరువాత పుట్టినవారు ఆ తుపానును పెద్దల మాటల్లో విన్నారు, కాని దానిని ఊహించుకునేది సినిమా గాలివానల సాయంతోనే. పెద్దలు గాలి హోరు గురించి, తెల్లవారాక తాగునీరు లేకపోవడం గురించి, పడిపోయిన చెట్ల కింద దారి వెతుక్కోవడం గురించి చెబుతారు; వినేవారి మనసులో మాత్రం మెరుపులే వెలుగుతాయి. మరికొంతకాలానికి ఆ రాత్రిని స్వయంగా గడిపినవారి కథనంలోకి కూడా మెరుపులు వచ్చి చేరవచ్చు. అందుచేత ‘నా అనుభవం కాబట్టి నాకు తెలుసు’ అన్న వాదనకు సినిమా చర్చల్లో మనం ఇచ్చే విలువ కొంచెం తగ్గించుకోవలసిందే. ఆ అనుభవంలో ఎంత భాగం ఏటిగట్టు మీద సంపాదించినదో, ఎంత భాగం హాలులో సంపాదించినదో విడదీయడం సొంతదారుకు కూడా సులువు కాదు.

అలా విడదీయడానికి కొంతైనా వీలు కల్పించేది పక్కనున్న మనిషి మాట. ‘డల్లాస్’ చూసిన అరబ్ బృందంలో అందరి జీవితం ఒకే తీరుది కావడం వల్ల తప్పు దిద్దేవారు లేకపోయారు, ఒకరి ఊహ మరొకరికి సాక్ష్యమైంది. ఊళ్లో ఒకటి రెండు టీవీలే ఉన్న కాలంలో మన వీధి అరుగులమీద చేరిన గుంపులో కనీసం రెండు మూడు రకాల బతుకులు కలిసి కూర్చునేవి. అక్కడ కూడా ఎవరు చాపమీద, ఎవరు గుమ్మం బయట అన్న లెక్క ఉండేది కాబట్టి దానిని మరీ మెచ్చుకోనక్కరలేదు. అయినా ‘అదేంటి, ఆవిడ వెళ్లింది పుట్టింటికి కాదుగా’ అనగలిగినవారు ఆ గుంపులో ఒకరు ఉండే అవకాశం ఉండేది. ఇప్పుడు ఎవరి ఫోనులో వారు చూసుకుంటున్నప్పుడు ఆ మాట అనేవారు లేరు. పైగా మనం ఇంతకుముందు ఏం చూశామో లెక్కకట్టి అలాంటివే అందించే యాప్‌లు, మన అనుభవానికి సరిపోయే కథలనే మళ్లీ మళ్లీ ముందుకు తెస్తున్నాయి. లంకలోని కుర్రవాడికి వరద సినిమాలు, గల్ఫ్ నుంచి వచ్చిన తల్లికి ఎడబాటు సీరియళ్లు వరుసకట్టి వస్తుంటే, వాసనగా మారవలసిన దుఃఖం పచ్చిగానే ఉండిపోతుందా, లేక పదేపదే చూడడం వల్ల మొద్దుబారుతుందా అన్నది వారి ఇళ్లలో వారితో కూర్చుని పరిశీలిస్తేగాని తేలే విషయం కాదు.